పాత ఫోర్‌వీల్ డ్రైవ్ వాహనం కొన్న తరువాత: పునరుద్ధరణకు సమగ్ర మార్గదర్శి

దశాబ్దాల నాటి ఫోర్‌వీల్ డ్రైవ్ వాహనం చేతికి రాగానే చాలామందికి కలిగే మొదటి కోరిక, దాన్ని ఆఖరి బోల్టు వరకూ విప్పేసి, ఛాసిస్ (అడుగున బరువంతా మోసే ఉక్కు చట్రం) ఒక్కటే మిగిల్చి, కొత్తదానిలా తిరిగి కట్టాలన్నది. ఆ కోరికను కొంతకాలం ఆపుకోవలసిందిగా ఈ వ్యాసం కోరుతుంది. మొత్తంగా విప్పిన వాహనంలో ఏ భాగం ఎలా పనిచేసేదో, ఏ శబ్దం ఎక్కడి నుండి వచ్చేదో తెలుసుకునే అవకాశం విప్పినప్పుడే పోతుంది. పెట్టెల్లో చేరిన భాగాలు కలిసిపోతాయి, ఖర్చు అంచనాకు అందదు, ఉత్సాహం సన్నగిల్లుతుంది. వాహనాన్ని వాహనంగానే ఉంచి, ఒక్కొక్క వ్యవస్థను విప్పి, బాగుచేసి, బిగించి, పరీక్షించి, ఆ తరువాతే మరొకదానికి వెళ్లే పద్ధతి నిదానమైనదే కాని, పని పూర్తికావడానికి ఎక్కువ అవకాశం ఉన్నది ఆ పద్ధతిలోనే. వరుస కూడా ముఖ్యం: ముందు ఛాసిస్ దృఢత్వం, తరువాత బ్రేకులు, తరువాత స్టీరింగు, ఆ తరువాతే ఇంజను, చివరికి రంగు.

విప్పకముందు చేయవలసినవి

ఆ మోడల్‌కు తయారీదారు ప్రచురించిన వర్క్‌షాప్ మాన్యువల్‌నూ, విడిభాగాల కేటలాగునూ సంపాదించడం మొదటి పని. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు, వీలైతే గేర్‌బాక్సు, యాక్సిళ్ల నంబర్లు రాసుకుని, అవి పత్రాలతోనూ, ఒకదానితో ఒకటీ సరిపోతున్నాయో లేదో చూడాలి. ఇంత వయసున్న వాహనాల్లో ఇంజను గాని, యాక్సిల్ గాని, గేర్‌బాక్సు గాని మధ్యలో ఎప్పుడో మారి ఉండడం సాధారణం. ఏది మారిందో తెలియకపోతే, ఆర్డరు చేసిన ప్రతి రెండో భాగం సరిపోకుండా తిరిగి వెళుతుంది.

బోల్టులు, నట్ల మరల కొలతలను కూడా అప్పుడే గుర్తించాలి. అమెరికన్ జీపుల్లో ఇంచు కొలతల మరలు, టయోటా లాండ్ క్రూజర్‌లో మెట్రిక్ మరలు ఉంటాయి. తొలినాటి లాండ్ రోవర్లలో ఈ రెండింటికీ భిన్నమైన బ్రిటిష్ మరలు కనిపిస్తాయి. దాదాపు సరిపోయిన స్పానరుతో బిగుసుకున్న నట్టును తిప్పితే మొదటి ప్రయత్నంలోనే దాని అంచులు అరిగిపోతాయి. తుప్పుపట్టిన నట్లపై చొచ్చుకుపోయే నూనెను ముందురోజే వేసి ఉంచి, మరునాడు విప్పడం మంచిది. బ్రేకు పైపులు, వైర్లు, స్ప్రింగులు, షిమ్‌ల (సందు సర్దే పలుచని రేకుల) అమరికను విప్పే ముందు అన్ని వైపుల నుండీ ఫోటోలు తీసి, విడదీసిన ప్రతిదాన్నీ చీటీ కట్టిన సంచిలో భద్రపరచాలి. పాత భాగం పనికిరాదని తేలినా, కొత్తది బిగించి నడిపి చూసేంతవరకూ పారవేయకూడదు, ఎందుకంటే మార్కెట్లో దొరికే నకలు భాగం కొలతలో తేడా ఉందని పాతదాన్ని పక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

జాకీ పెట్టే ముందు ఒక విషయం బాగా తెలిసి ఉండాలి. రెండో ప్రపంచయుద్ధపు అమెరికన్ సైనిక జీపు అయిన విల్లీస్ ఎంబీలోనూ, తొలితరం లాండ్ రోవర్లయిన సిరీస్ వాహనాల్లోనూ హ్యాండ్‌బ్రేకు చక్రాల మీద కాక, ట్రాన్స్‌ఫర్ కేసు (గేర్‌బాక్సు నుండి వచ్చే శక్తిని ముందు, వెనుక యాక్సిళ్లకు పంచే పెట్టె) వెనుక, యాక్సిల్‌కు శక్తిని మోసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టు మీద పనిచేస్తుంది. వెనుక చక్రం ఒక్కటి నేల విడిచిన క్షణాన, డిఫరెన్షియల్ (యాక్సిల్ రెండు చక్రాలూ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల అమరిక) కారణంగా ఆ చక్రం స్వేచ్ఛగా తిరగగలదు కాబట్టి, హ్యాండ్‌బ్రేకు లాగి ఉన్నా వాహనం దొర్లగలదు. వెనుక ప్రొపెల్లర్ షాఫ్టు విప్పితే ఆ బ్రేకు అసలు పనిచేయదు. అందుచేత నేల మీద ఉన్న చక్రాలకు రెండు వైపులా అడ్డుదిమ్మెలు పెట్టకుండా పని మొదలుపెట్టకూడదు. జాకీ మీద మాత్రమే నిలిచిన వాహనం కిందికి ఏ కారణంతోనూ దూరకూడదు. గట్టి నేలపై, ఛాసిస్ లేదా యాక్సిల్ కింద జాక్‌స్టాండ్లు పెట్టి, వాహనాన్ని చేతితో ఊపి చూసి, కదలదని తేలిన తరువాతే కిందికి వెళ్లాలి.

ఛాసిస్: అన్నిటికంటే ముందు

ఛాసిస్ కుళ్లిపోయి ఉంటే మిగతా పనులన్నీ వృథా. కాబట్టి బురదను, పాత తారు పూతను గీకివేసి, చిన్న సుత్తితో అంగుళం అంగుళం తడుతూ వినాలి. గట్టి ఇనుము మోగుతుంది. లోపల తినేసిన చోట మొద్దు శబ్దం వస్తుంది. అనుమానం కలిగిన ప్రతిచోట మొనదేలిన స్క్రూడ్రైవరుతో బలంగా గుచ్చి చూడాలి. స్ప్రింగులను పట్టి ఉంచే హ్యాంగర్లు, బాడీని మోసే పక్కచేతులు, వెనుక అడ్డపట్టీ, స్టీరింగు బాక్సు బిగించిన చోటు, పెట్టె ఆకారపు ఛాసిస్ అయితే దాని అడుగుభాగం, వీటిని ప్రత్యేకంగా చూడాలి. పెట్టె ఆకారపు ఛాసిస్ బయటి నుండి కాక లోపలి నుండి తుప్పుపడుతుంది, ఎందుకంటే నీరు పోయే రంధ్రాలు బురదతో పూడుకుపోయి తేమ లోపలే నిలిచిపోతుంది.

1948లో వచ్చిన లాండ్ రోవర్ బాడీ అల్యూమినియం మిశ్రమంతో చేసినది కావడంతో దానికి తుప్పు భయం లేదనుకునేవారు ఉన్నారు. కాని ఛాసిస్, బల్క్‌హెడ్ (ఇంజనుకూ కూర్చునే చోటుకూ మధ్య ఉండే గోడ) ఉక్కువి. అల్యూమినియం, ఉక్కు ఒకదానినొకటి తాకిన చోట తేమ చేరితే విద్యుత్ రసాయన చర్య జరిగి, అల్యూమినియం తెల్లని పొడిగా మారుతుంది. అటువంటి అతుకులను విప్పినప్పుడు, తిరిగి బిగించే ముందు రెండు లోహాల మధ్య రంగుపూత గాని, సీలెంటు గాని, ప్లాస్టిక్ వాషరు గాని అడ్డుగా ఉంచాలి.

తుప్పుపట్టిన భాగాన్ని మరమ్మతు చేయడానికి ఒకే పద్ధతి సరైనది: మెరిసే గట్టి లోహం కనిపించేదాకా కుళ్లిన ముక్కను కోసివేసి, అదే మందం గల ఉక్కు రేకును కొలతకు కోసి, అంచు పొడవునా వెల్డింగు చేయడం. కుళ్లిన రేకు మీద కొత్త రేకును అతికించడం తుప్పును దాచిపెట్టడమే అవుతుంది. వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగలు విప్పాలి, పెట్రోలు ట్యాంకును వాహనం నుండి పూర్తిగా తీసి దూరంగా ఉంచాలి. ఖాళీ ట్యాంకు ప్రమాదం లేనిదని భ్రమపడకూడదు. నిండు ట్యాంకు కంటే ఆవిరితో నిండిన ఖాళీ ట్యాంకే తేలికగా పేలుతుంది. ఛాసిస్ చాలాచోట్ల కత్తిరించవలసి వస్తే, బాడీని దించకముందే స్ప్రింగు హ్యాంగర్ల మధ్య మూలమూల కొలతలు తీసి రాసుకోవాలి. అంతగా వెల్డింగు అవసరమైన ఛాసిస్‌కు బదులు గాల్వనైజు చేసిన కొత్త ఛాసిస్ దొరికే మోడల్ అయితే, దాన్ని కొనడమే ఎక్కువ కాలం నిలిచే నిర్ణయమని నేను భావిస్తాను.

బ్రేకులు

ఆ కాలపు వాహనాల్లో చాలావాటికి నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే ఉంటాయి. మాస్టర్ సిలిండరులో ఒకే మార్గం ఉంటుంది. ఒక్క పైపు పగిలినా, ఒక్క సీలు చినిగినా నాలుగు చక్రాల బ్రేకూ ఒకేసారి పోతుంది. అందువల్ల ఈ వ్యవస్థలో ‘ఇంకొంత కాలం పనికొస్తుంది’ అన్న ఆలోచనకు తావివ్వకూడదు.

డ్రమ్ములు విప్పినప్పుడు లోపలి ధూళిని నోటితో గాని, గాలి పైపుతో గాని ఊదకూడదు. పాత లైనర్లలో (డ్రమ్మును ఒరుసుకుని ఆపే పొరల్లో) ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ, దాని ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకం. తగిన మాస్కు ధరించి, బ్రేకు క్లీనరుతో గాని, సబ్బు నీటితో గాని తడిపి, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో మూసి పారవేయాలి. తరువాత ప్రతి వీల్ సిలిండరు రబ్బరు తొడుగునూ కొంచెం ఎత్తి చూడాలి. లోపల తడి కనిపిస్తే సిలిండరు కారుతున్నట్టే. లైనర్ల మీద గేర్ ఆయిల్ జిడ్డు ఉంటే దాని మూలం హబ్బు లేదా యాక్సిల్ ఆయిల్ సీలు. సీలు మార్చకుండా కొత్త లైనర్లు వేస్తే అవీ నానిపోతాయి. నూనె పీల్చిన లైనర్లను కడిగి వాడే ప్రయత్నం చేయవద్దు.

రబ్బరు హోసులన్నిటినీ, బయటికి బాగున్నట్టు కనిపించినా, మార్చాలి. లోపలి గోడ ఉబ్బిన హోసు ఒక వైపుకే దారి ఇచ్చే కవాటంలా మారి, పెడల్ వదిలినా బ్రేకు వదలకుండా చేస్తుంది. చక్రం వేడెక్కుతుంది, వాహనం ఒక పక్కకు లాగుతుంది. ఉక్కు పైపుల స్థానంలో రాగి నికెల్ మిశ్రమపు పైపులు వేస్తే తుప్పు సమస్య తీరుతుంది. బ్రేకు ద్రవం విషయంలో, డాట్ 3, డాట్ 4 గ్లైకాల్ రకాలు. అవి గాలిలోని తేమను పీల్చుకుంటాయి కనుక నిర్ణీత కాలానికి మార్చాలి. డాట్ 5 సిలికోన్ రకం. దాన్ని మొదటి రెండింటితో ఎన్నడూ కలపరాదు. బ్రేకు పైపుల్లోని గాలి తీసేటప్పుడు, మాన్యువల్ మరోలా చెప్పకపోతే, మాస్టర్ సిలిండరుకు అత్యంత దూరాన ఉన్న చక్రంతో మొదలుపెట్టి దగ్గరికి రావాలి. అంతకుముందే నాలుగు డ్రమ్ముల్లోనూ షూలను (లైనర్లను మోసే వంపు పట్టీలను) సరిచేయాలి, లేకపోతే గాలి అంతా పోయినా పెడల్ లోతుగానే దిగుతుంది.

స్టీరింగు, ముందు యాక్సిల్, కమాన్లు

స్టీరింగు చక్రం వదులుగా ఉంటే చాలామంది వెంటనే స్టీరింగు బాక్సు మీది సర్దుబాటు మరను బిగిస్తారు. అది చివరిగా చేయవలసిన పని. ఒకరు స్టీరింగు చక్రాన్ని మెల్లగా అటూ ఇటూ తిప్పుతుండగా, మరొకరు స్టీరింగు బాక్సు నుండి ముందు చక్రం వరకు ప్రతి కీలు మీద చేయి వేసి చూస్తే ఎక్కడ కదలిక వృథా అవుతుందో తెలుస్తుంది. టై రాడ్ చివరల బాల్ జాయింట్లు, కింగ్‌పిన్ (ముందు చక్రం పక్కకు తిరిగే ఇరుసు) బేరింగులు, హబ్బు బేరింగులు, కమాను (పట్టీల స్ప్రింగు) బుష్‌లు, ఛాసిస్‌కు బాక్సును పట్టిన బోల్టులు, ఇవన్నీ సరిచేసిన తరువాత కూడా వదులు మిగిలితే అప్పుడు బాక్సును చూడాలి. చక్రాలు నేరుగా ఉన్నప్పుడు బాక్సును మరీ బిగిస్తే, పూర్తిగా తిప్పినప్పుడు అది పట్టేసే ప్రమాదం ఉంది, ఎందుకంటే అరుగుదల మధ్యలోనే ఎక్కువ. లాండ్ రోవర్ సిరీస్ వాహనాల ముందు అడ్డపట్టీలో ఉండే స్టీరింగు రిలే లోపల అణచిపెట్టిన బలమైన స్ప్రింగు ఉంటుంది. తగిన పద్ధతి తెలియకుండా దాన్ని విప్పితే అది తూటాలా దూసుకువస్తుంది.

ముందు చక్రాల వెనుక బంతి ఆకారంలో కనిపించే స్వివెల్ హౌసింగు ఉపరితలం నున్నగా ఉండాలి. దాని మీద తుప్పు గుంటలు పడితే ఎన్ని కొత్త సీళ్లు వేసినా నూనె కారుతూనే ఉంటుంది. గుంటలు లోతుగా ఉంటే హౌసింగునే మార్చాలి. ఒకానొక వేగం దగ్గర ముందు చక్రాలు విపరీతంగా కొట్టుకోవడం ఈ వాహనాల్లో తెలిసిన సమస్య. దానికి మూలం తరచుగా కింగ్‌పిన్ బేరింగుల్లో బిగువు తగ్గడం, ఆ తరువాత చక్రాల సమతూకం లేకపోవడం. స్టీరింగు డ్యాంపరు తగిలించి ఆ వణుకును అణచడం రోగాన్ని దాచడమే.

కమాను పట్టీల మధ్య తుప్పు చేరితే అవి జారక, వాహనం బండరాయిలా ఎగురుతుంది. విప్పి, శుభ్రం చేసి, గ్రాఫైటు గ్రీజు పూసి, విరిగిన పట్టీలు మార్చి కట్టాలి. రబ్బరు బుష్‌లు ఉన్న షాకిల్ (కమాను చివరను ఛాసిస్‌కు వేలాడదీసే లంకె) బోల్టులను వాహనం బరువంతా చక్రాల మీద పడిన తరువాతే చివరిగా బిగించాలి. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే బుష్ మెలిపడి త్వరగా చినిగిపోతుంది.

ఇంజనును తిరిగి నడిపించడం

చాలాకాలం నిలిచిపోయిన ఇంజనును సెల్ఫ్‌తో గాని, తోయడంతో గాని తిప్పే ప్రయత్నం చేయరాదు. ముందు ఆయిల్ కొలిచే పుల్లను తీసి చూడాలి. పాలలా తెల్లబారి ఉంటే నూనెలో నీరు కలిసింది. పెట్రోలు వాసన వస్తే యాంత్రిక ఫ్యూయెల్ పంపు డయాఫ్రం చినిగి పెట్రోలు సంపులోకి (ఇంజను అడుగున నూనె నిలిచే తొట్టిలోకి) దిగుతుండవచ్చు. తరువాత స్పార్క్ ప్లగ్గులన్నీ తీసి, ఒక్కొక్క సిలిండరులో కొద్దిగా నూనె పోసి, ఒక రోజు ఆగి, క్రాంక్ పుల్లీని స్పానరుతో నెమ్మదిగా తిప్పాలి. బిగుసుకుపోయి ఉంటే బలప్రయోగం చేయకుండా, నూనె పోస్తూ, ముందుకూ వెనక్కూ కొంచెం కొంచెంగా కదుపుతూ ఓపికపట్టాలి. స్వేచ్ఛగా తిరిగిన తరువాత నూనె, ఫిల్టరు మార్చి, ప్లగ్గులు లేకుండానే సెల్ఫ్‌తో తిప్పుతూ ఆయిల్ ప్రెషరు గేజిలో ముల్లు లేచేవరకు చూడాలి.

కంప్రెషన్ పరీక్షను (ప్రతి సిలిండరూ గాలిని ఎంత ఒత్తిడికి అణచగలదో కొలిచే పరీక్షను) అన్ని ప్లగ్గులూ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి చేయాలి. ఇక్కడ అంకె ఎంత అన్నదానికంటే సిలిండర్ల మధ్య తేడా ఎంత అన్నదే ముఖ్యం. తక్కువ చూపిన సిలిండరులో ఒక చెంచా నూనె పోసి మళ్లీ కొలిచినప్పుడు అంకె బాగా పెరిగితే రింగులు అరిగాయి. పెరగకపోతే కవాటాలు సరిగా మూసుకోవడం లేదు. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు రెండూ తక్కువగా ఉంటే వాటి మధ్య హెడ్ గాస్కెట్టు పోయి ఉండవచ్చు. ఈ మూడింటిలో ఏదో తెలియకుండా ఇంజను దించాలన్న నిర్ణయానికి రావద్దు. ఎంతోకాలం నిలిచిన ఇంజను కొన్ని వందల కిలోమీటర్లు నడిచిన తరువాత రింగులు విడివడి కంప్రెషన్ మెరుగుపడడం తరచుగా కనిపించేదే.

ట్యాంకులోని పాత పెట్రోలును పూర్తిగా తీసివేసి, అడుగున పేరుకున్న తుప్పును శుభ్రం చేసి, దారిలో కొత్త ఫిల్టరు పెట్టాలి. ఇథనాల్ కలిసిన నేటి పెట్రోలు పాత రబ్బరు గొట్టాలను, డయాఫ్రంలను మెత్తబరుస్తుంది కాబట్టి వాటన్నిటినీ ఇథనాల్‌ను తట్టుకునే రకానికి మార్చడం అవసరం. సీసం కలిసిన పెట్రోలు కోసం తయారైన ఇంజన్లలో కొన్నింటికి ఎగ్జాస్ట్ కవాటాల పీఠాలు మెత్తనివి. బరువైన పనికి వాడితే అవి కుంగి కవాటాల సందు తగ్గిపోతుంది. కవాటాల సందును తరచు చూసుకుంటూ, హెడ్ విప్పవలసి వచ్చినప్పుడు గట్టి పీఠాలు వేయిస్తే సరిపోతుంది. డీజిల్ ఇంజను అయితే ఫిల్టర్లు మార్చి, ఇంధన మార్గంలోని గాలిని తీయడం ముఖ్యం.

కూలింగు వ్యవస్థను ఇంజను నడపకముందే చూడాలి. రేడియేటరును ఎదురు దిశలో నీటితో కడిగి, హోసులు, థర్మోస్టాటు, ఫ్యాను బెల్టు మార్చి, ఇంజను బ్లాకు పక్కల ఉండే కోర్ ప్లగ్గుల చుట్టూ తడి ఉందేమో గమనించాలి. వట్టి నీటితో నడపకుండా, సగం నీరు, సగం కూలెంటు కలిపి పోయాలి. మొదటిసారి స్టార్టు చేసేది ఆరుబయటే కావాలి, మంటలార్పే సిలిండరు చేతికి అందేంత దూరంలో ఉండాలి.

విద్యుత్ వ్యవస్థ

ముందుగా వోల్టేజీ ఎంతో, భూమి తీగ బ్యాటరీ ఏ ధ్రువానికి కలిపి ఉందో నిర్ధారించుకోవాలి. విల్లీస్ ఎంబీ 6 వోల్టుల వాహనం; తొలినాటి లాండ్ రోవర్లలో ధన ధ్రువమే ఛాసిస్‌కు కలిసి ఉంటుంది. ఇది గమనించక బ్యాటరీని తిరగేసి కలిపితే, తరువాతి కాలంలో ఎవరైనా ఆల్టర్నేటరు అమర్చి ఉంటే అది వెంటనే కాలిపోతుంది. 6 వోల్టుల వ్యవస్థలో అదే శక్తికి రెట్టింపు కరెంటు ప్రవహించాలి కాబట్టి తీగలు లావుగా, అతుకులు శుభ్రంగా ఉండడం మరింత అవసరం. సెల్ఫ్ నెమ్మదిగా తిరుగుతోందని బ్యాటరీని నిందించే ముందు ఇంజను నుండి ఛాసిస్‌కు, ఛాసిస్ నుండి బ్యాటరీకి వెళ్లే భూమి తీగల చివరలను మెరిసేదాకా రుద్ది బిగించి చూడాలి. సగం లోపాలు అక్కడే తీరుతాయి. గుడ్డ తొడుగు పెళుసెక్కి రాలిపోతున్న వైరింగును అతుకులతో సాగదీయకుండా, అసలు రంగులతో తయారైన కొత్త హార్నెస్ (వైర్ల కట్ట) వేసి, ప్రతి వలయానికీ ఫ్యూజు చేర్చాలి. 12 వోల్టుల వాహనంలో ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వద్ద సుమారు 14 వోల్టులు కనిపించాలి.

నాలుగు చక్రాల చోదన

ఈ వాహనాల ప్రత్యేకత అంతా ఇక్కడే ఉంది, నిర్లక్ష్యానికి గురయ్యేదీ ఇదే. పాతవాటిలో అధికభాగం అవసరమైనప్పుడు మాత్రమే ముందు యాక్సిల్‌ను కలిపే రకం. ముందు, వెనుక షాఫ్టుల మధ్య డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో ముందు చక్రాలు వెనుక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరగాలి కనుక, పొడి తారు రోడ్డు మీద ఫోర్‌వీల్‌లో నడిపితే ఆ తేడా ఎక్కడా జారిపోలేక షాఫ్టుల్లో మెలికగా చేరి, చివరికి జాయింటునో గేరునో విరగ్గొడుతుంది.

ఇదే కారణంగా ముందు, వెనుక డిఫరెన్షియళ్ల నిష్పత్తి ఒకటే అయి ఉండాలి. మధ్యలో ఎవరైనా ఒక యాక్సిల్ మార్చి ఉంటే అది వేరే నిష్పత్తిది కావచ్చు: విల్లీస్ ఎంబీకి 4.88, దాని తరువాతి పౌర నమూనా సీజే-2ఏకు 5.38; చూడడానికి ఆ యాక్సిళ్లు దగ్గరగానే ఉంటాయి. కనిపెట్టే పద్ధతి సులువైనది. గేరు న్యూట్రల్‌లో పెట్టి, నేల మీది చక్రాలకు దిమ్మెలు వేసి, హ్యాండ్‌బ్రేకు షాఫ్టు మీద పనిచేసే రకమైతే దాన్ని వదిలి, ఒక యాక్సిల్‌కు ఒక వైపు చక్రాన్ని మాత్రమే పైకి లేపి, దాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పుతూ ప్రొపెల్లర్ షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కించాలి. అదే నిష్పత్తి. ముందు యాక్సిల్‌కు ఫ్రీ వీలింగ్ హబ్బు (చక్రాన్ని యాక్సిల్ షాఫ్టు నుండి విడదీయగల హబ్బు) ఉంటే దాన్ని బిగించి ఉంచి చూడాలి. రెండు యాక్సిళ్లకూ ఒకే అంకె వచ్చేవరకు ఫోర్‌వీల్ లీవరును ముట్టుకోవద్దు.

గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు, రెండు డిఫరెన్షియళ్లు, స్వివెల్ హౌసింగులు, అన్నింటిలోనూ పాత నూనెను బయటికి తీసివేయాలి. తీయడానికి ముందు నూనె నింపే బిరడా విప్పుతుందో లేదో చూడడం మరిచిపోకూడదు. బయటికి వచ్చిన నూనెలో సన్నని బూడిదరంగు పొడి సహజం; లోహపు ముక్కలు కనిపిస్తే లోపల ఏదో విరుగుతోంది. ఇత్తడి సింక్రో రింగులున్న (గేరు మార్చేటప్పుడు వేగాలను సమం చేసే రింగులు) పాత గేర్‌బాక్సుల్లో జీఎల్-4 రకం గేర్ నూనె వాడాలి; జీఎల్-5లో ఎక్కువగా ఉండే గంధకపు మిశ్రమాలు కొన్ని ఇత్తడిని, కంచును తినివేస్తాయి. కొత్త ఆయిల్ సీళ్లు వేసినా మళ్లీ కారుతుంటే యాక్సిల్ పైన ఉండే గాలి రంధ్రాన్ని చూడాలి. అది మట్టితో పూడుకుపోతే, వేడెక్కిన గాలి బయటికి పోయే దారిలేక నూనెను సీళ్ల గుండా తోసివేస్తుంది.

ప్రొపెల్లర్ షాఫ్టును విప్పే ముందు జారే కీలు రెండు భాగాల మీద గుర్తు గీయాలి. రెండు చివరల యోకులు (జాయింటును పట్టే కవలు) ఒకే తలంలో ఉండేలా తిరిగి కలపకపోతే, జాయింట్లలో కొత్త క్రాస్‌లు వేసినా వణుకు తప్పదు. ఫ్రీ వీలింగ్ హబ్బులున్న వాహనాన్ని నెలకోసారైనా హబ్బులు బిగించి కొంత దూరం నడపాలి. ముందు యాక్సిల్ లోపలి భాగాలకు నూనె అందేది అవి తిరిగినప్పుడే. పరీక్ష మొత్తాన్ని వదులు మట్టి మీద గాని, గులకరాళ్ల మీద గాని, నెమ్మదిగా, మొదట హై రేంజిలోనూ (మామూలు గేర్లు) తరువాత లో రేంజిలోనూ (నిదానంగా, ఎక్కువ బలంతో లాగే గేర్లు) చేయాలి.

టైర్లు నాలుగూ ఒకే కొలతవి, ఒకే స్థాయిలో అరిగినవి కావాలి. 2000 సంవత్సరం నుండి తయారైన టైర్ల పక్కగోడ మీది నాలుగంకెల సంఖ్యలో మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని చూపుతాయి. పదేళ్లు దాటినవాటిని, గాళ్లు ఎంత లోతుగా ఉన్నా, తీసివేయాలి. రెండు ముక్కల రిమ్ములైతే గాలి పూర్తిగా తీసిన తరువాతే నట్లు విప్పాలి, లేకపోతే రిమ్ము పేలి ప్రాణం తీయగలదు.

నడిపి చూడడం, ఆ తరువాత రంగు

మొదటి ప్రయాణాలు చిన్నవిగా, రద్దీ లేని దారిలో, కాలినడకన వెనక్కి రాగలిగినంత దూరంలో ఉండాలి. ఆగిన ప్రతిసారీ నాలుగు హబ్బులు, డ్రమ్ములు, డిఫరెన్షియళ్ల మీద చేయి దగ్గరగా పెట్టి వేడిని పోల్చాలి. మూడు వెచ్చగా ఉండి ఒకటి కాలుతుంటే అక్కడ బ్రేకు పట్టి ఉంది లేదా బేరింగు బిగువుగా ఉంది. కమాను యూ-బోల్టులు, చక్రాల నట్లు, ప్రొపెల్లర్ షాఫ్టు బోల్టులు కొద్ది ప్రయాణానికే కొంత సడలుతాయి, కనుక మొదటి వంద కిలోమీటర్ల లోపు, మరోసారి ఐదు వందల దగ్గర, టార్క్ రెంచితో సరిచూడాలి. అప్పుడే ఇంజను ఆయిల్ కూడా మళ్లీ మార్చాలి, ఎందుకంటే కొత్త నూనె పాత మడ్డిని కరిగించి తనలో చేర్చుకుంటుంది.

ఈ దశ దాటిన తరువాతే బాడీ పని చేపట్టాలి. రంగు వేసిన తరువాత ఇంజను దించవలసి వస్తే కొత్త ఫెండర్ల మీద గీతలు పడక తప్పదు. ఒక ప్యానెల్ తీసి, పాత రంగు తొలగించి, మరమ్మతు చేసి, ఉక్కుకు జింకు ప్రైమరు, అల్యూమినియానికి ఎచ్ ప్రైమరు (లోహాన్ని కొద్దిగా గరుకుచేసి పట్టుకునే తొలిపూత) వేసి, తిరిగి బిగించి మరొక ప్యానెల్‌కు వెళ్లాలి. అసలు రంగు చాలాచోట్ల నిలిచి ఉంటే, దాన్ని గీకి పారేయడం కంటే శుభ్రపరచి కాపాడుకోవడమే ఉత్తమమని నా దృఢమైన అభిప్రాయం. ఒకసారి పోయిన కర్మాగారపు పూత తిరిగి రాదు. చివరగా ఛాసిస్ లోపలి గదుల్లోకి సన్నని గొట్టంతో మైనపు పూత చల్లి, అది ఆరిన తరువాత అడుగున ఉన్న నీటి రంధ్రాలన్నిటినీ తీగతో పొడిచి, ఒక్కటీ మూసుకుపోలేదని చూసుకోవాలి.